కొండల్లో 50 కిలోమీటర్లు: విశాఖలో ఉండి ఎలా సిద్ధం కావాలి

మా అత్తయ్యగారు ఇరవై ఏళ్ళకు పైగా సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తున్నారు. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు కొండ కింది మొదటి మెట్టు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరతారు. అడివివరం, హనుమంతవాక, అప్పూఘర్, సీతమ్మధార, మాధవధార, గోపాలపట్నం మీదుగా కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, కాళ్ళకి చెప్పుల్లేకుండా నడుస్తారు. కొండల్లో అల్ట్రా మారథాన్‌కి పేరిచ్చానని చెప్పినప్పుడు ఆవిడ ఒక్క మాటే అన్నారు. "ఎక్కడానికేటుందమ్మా, దిగినప్పుడు తెలుస్తాది."

నేను ఆ మాట పట్టించుకోలేదు. పశ్చిమ కనుమల్లో కాఫీ తోటల మధ్య జరిగిన ఆ 50 కిలోమీటర్ల పరుగులో 38వ కిలోమీటరు దగ్గర ఆగిపోయాను. ఆయాసం లేదు, గుండె దడ లేదు. తొడలు మాత్రం నా మాట వినలేదు. పల్లం మొదలైతే చాలు, చెట్టు కొమ్మ పట్టుకుంటే గానీ అడుగు వెయ్యలేకపోయాను. మరుసటి ఏడాది అదే దారిని 9 గంటల 40 నిమిషాల్లో పూర్తి చేశాను. ఈ రెండిటి మధ్య ఏం మార్చుకున్నానో మీకు చెబుతాను.

నాకు 41 ఏళ్ళు. గోపాలపట్నంలో ఉంటాను. ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. షిఫ్టుల ఉద్యోగం కాబట్టి పరుగుకి వారంలో నాలుగు రోజులే దొరికేవి. ఆ నాలుగు రోజులు చాలు. కానీ 21 కిలోమీటర్లు ఇబ్బంది లేకుండా పరిగెత్తగలిగే స్థితిలో ఉన్నాకే ఈ పని మొదలుపెట్టండి. అక్కడిదాకా రాకపోతే ఇంకో ఆరు నెలలు ఆగండి. కొండలు ఎక్కడికీ పోవు.

ముందు కాగితం మీద లెక్క

మారథాన్ 42.195 కిలోమీటర్లు కదా, ఇంకో ఎనిమిది కలిపితే అయిపోతుందని నేనూ అనుకున్నాను. ఆ లెక్క కొండకి పనికిరాదు. ఐట్రా అనే అంతర్జాతీయ ట్రైల్ రన్నింగ్ (కొండ, అడవి దారుల్లో పరుగు) సంఘం వాడే పద్ధతి సులువైనది. దారి మొత్తం మీద ఎక్కాల్సిన ఎత్తులో ప్రతి 100 మీటర్లకీ ఒక కిలోమీటరు కలుపుకోవాలి. నా దారిలో మొత్తం ఎక్కాల్సిన ఎత్తు సుమారు 1800 మీటర్లు. అంటే కాళ్ళకి అది 68 కిలోమీటర్ల శ్రమ.

ఇంకో పాత లెక్క ఉంది. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పినది. గంటకి 5 కిలోమీటర్ల నడక, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎత్తుకీ ఒక గంట. 50 కిలోమీటర్లకి 10 గంటలు, 1800 మీటర్లకి 3 గంటలు, మొత్తం 13. నా పరుగుకి ఇచ్చిన గడువు 11 గంటలు. మరి ఆ రెండు గంటలు ఎక్కడ మిగుల్చుకోవాలి? ఎక్కేచోట కాదు. అక్కడ పరిగెత్తితే మిగిలేది కొన్ని నిమిషాలు, ఖర్చయ్యేది సగం బలం. చదును దారిలో, పల్లంలో మిగుల్చుకోవాలి. మీ పరుగు ఏదైనా ఈ రెండు లెక్కలూ వేసి, ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించుకోండి. నా ట్రైనింగ్ అంతా దాన్నిబట్టే నడిచింది.

మొదటి ఐదు వారాలు

పరుగు నవంబరు మధ్యలో. నేను గిరి ప్రదక్షిణతో మొదలుపెట్టి 16 వారాలు పెట్టుకున్నాను. ఆ రాత్రి అత్తయ్యగారి పక్కన నడుస్తూ ఆవిడ పద్ధతి గమనించాను. ఎక్కడా వేగం మార్చరు. ఆకలి వేయకముందే సంచిలోంచి పులిహోర తీస్తారు. కూర్చుంటే ఐదు నిమిషాలు, అంతే. కొండ పరుగుకి కావలసిన ఓర్పు అచ్చంగా అదే.

ఈ ఐదు వారాలూ వేగం గురించి ఆలోచించకండి. వారానికి 35 కిలోమీటర్లతో మొదలుపెట్టి మెల్లగా 50కి చేర్చాను. నాలుగో వారం తగ్గించాను, తర్వాత కూడా ప్రతి నాలుగో వారం అలాగే. ఉదయం వాహనాలు ఆపేసే వేళ ఆర్కే బీచ్ రోడ్డు దీనికి బాగుంటుంది. ఇసుకలో మాత్రం ఎక్కువ దూరం వద్దు. నీళ్ళ వైపు వాలుగా ఉంటుంది కాబట్టి ఒక కాలి మీదే భారం పడుతుంది.

ఆగస్టులో మన ఊరి ఉక్కపోత మీకు తెలుసు. చెమట కారుతుంది గానీ ఆరదు, ఒళ్ళు చల్లబడదు. అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. వాచీలో వేగం చూసి టెన్షన్ పడకండి. పక్కనున్న వాళ్ళతో పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నారా లేదా, అంతే చూసుకోండి. ఈ వేడికి ఒళ్ళు అలవాటు పడడానికి పది పధ్నాలుగు రోజులు పడుతుంది.

దిగడం

ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ ఒంటిని పైకి తోస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ మన బరువుని ఆపుతుంది. అలా సాగుతూ బరువు మోసినప్పుడే కండరం నారలు ఎక్కువగా చిట్లుతాయి. అందుకే దిగిన రోజు ఏమీ అనిపించదు, రెండో రోజు మెట్లు దిగలేం. అయితే మంచి విషయం ఒకటుంది. ఒకసారి ఈ దెబ్బ తిని కోలుకున్న కండరం తర్వాతి సారి అంత తేలిగ్గా దెబ్బతినదు. ఆ రక్షణ కొన్ని వారాలు నిలుస్తుంది. అది డబ్బు పెట్టి కొనుక్కునేది కాదు, దిగి దిగి సంపాదించుకోవాల్సిందే.

నాకు ఆ పని చేసిపెట్టింది కైలాసగిరి. మెట్ల దారి వేరు, బళ్ళ రోడ్డు వేరు ఉన్నాయి కదా. మెట్ల దారిన నడిచి ఎక్కి, రోడ్డు మీద పరిగెత్తుతూ దిగేదాన్ని. ఆరో వారం మూడుసార్లు, పదో వారానికి ఎనిమిదిసార్లు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక ఆ కొండ మీద చెట్లు ఎలా పడి ఉన్నాయో చూసినదాన్ని. ఇప్పుడు ఆ నీడలో దిగుతుంటే మనసుకి ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను.

దిగే తీరు ముఖ్యం. పెద్ద అంగలు వేస్తే మడమ ముందు పడి బ్రేకు వేసినట్టవుతుంది, ఆ దెబ్బంతా మోకాలికి, తొడకి పోతుంది. అడుగులు చిన్నవిగా, త్వర త్వరగా పడాలి. మోకాలు ఎప్పుడూ కొంచెం వంగి ఉండాలి. వెనక్కి వాలకూడదు. చూపు కాళ్ళ దగ్గర కాదు, మూడు నాలుగు మీటర్ల ముందు ఉండాలి. చేతులు కాస్త వెడల్పుగా పెట్టుకోండి, చిన్నపిల్లలు గట్టు మీద నడిచినట్టు. మొదట భయం వేస్తుంది. మెత్తని మట్టి వాలు మీద నేర్చుకుని తర్వాత రాళ్ళ దారికి వెళ్ళండి.

ఇంట్లో వారానికి రెండుసార్లు గుంజీలు, గోడకుర్చీ. నవ్వకండి, ఇంతకు మించిన వ్యాయామం నాకు దొరకలేదు. గుంజీలు తీసేటప్పుడు కిందికి వెళ్ళేటప్పుడు నాలుగు అంకెలు లెక్కపెట్టండి, పైకి మామూలుగా లేవండి. తర్వాత మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలి మడమ కింది మెట్టుకి తాకేదాకా నెమ్మదిగా దిగడం, కాలికి పన్నెండు చొప్పున.

సింహాచలం మెట్లని మాత్రం ప్రాక్టీసుకి వాడకండి. వెయ్యికి పైగా మెట్లు ఉన్నాయి కదా అని చాలామందికి ఆశ పుడుతుంది. మెట్టు మెట్టుకీ పసుపు రాసి బొట్టు పెట్టుకుంటూ ఎక్కే వాళ్ళ మధ్య బూట్లతో పరిగెత్తడం నాకు మనసొప్పదు. నేను మొదలుపెట్టిన వారం ఒకసారి, పరుగుకి వెళ్ళే ముందు ఒకసారి వట్టికాళ్ళతో ఎక్కి అప్పన్నకి దండం పెట్టుకున్నాను. కంబాలకొండ కూడా అంతే జాగ్రత్తగా చూడాలి. అది చిరుతలున్న అభయారణ్యం, అనుమతించిన దారిలో, అనుమతించిన వేళల్లోనే.

ఎనిమిదో వారం నుంచి పన్నెండో వారం దాకా శని, ఆదివారాలు రెండూ దూరం పరుగులే. శనివారం మూడున్నర గంటలు, ఆదివారం అలసిన కాళ్ళతోనే రెండున్నర గంటలు. ఒకే రోజు ఆరు గంటలు పరిగెత్తి దెబ్బ తగిలించుకునే కన్నా ఇది మేలు. ఈ వారాల్లో రెండుసార్లు అనంతగిరి వెళ్ళాను. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉండే అరకుకి వెళ్ళే ఘాట్ అది. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. నేను పరిగెత్తబోయే దారి అచ్చం ఇలాగే ఉంటుందని తెలుసు కాబట్టి అక్కడ వేసిన ప్రతి అడుగూ పనికొచ్చింది. తెల్లారగానే మొదలుపెట్టి బస్సులు పెరిగేలోపు రోడ్డు వదిలి, ఊళ్ళ మట్టి దారుల్లోకి వెళ్ళిపోవాలి. ఒంటరిగా వద్దు. ఫోను సిగ్నల్ చాలాచోట్ల ఉండదు.

తిండీ నీళ్ళూ

మొదటి ఏడాది నేను మూడో గంట తర్వాత ఏమీ తినలేదు. ఆకలి వెయ్యలేదు, అందుకని. ఆకలి కోసం ఎదురుచూడకూడదు. గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్ళాలి. మధ్యస్థంగా ఉన్న అరటిపండులో సుమారు 25 గ్రాములుంటుంది. బెల్లం దాదాపు అంతా చక్కెరే కాబట్టి 40 గ్రాముల ముక్క ఒక గంటకి సరిపోతుంది. నేను అనకాపల్లి బెల్లం చిన్న ముక్కలు చేసి, ఉప్పు చల్లి ఉడికించిన చిలగడదుంప, గింజ తీసిన ఖర్జూరం, నిమ్మకాయ పులిహోర చిన్న ఉండలుగా పట్టుకెళ్ళాను. మాడుగుల హల్వా కూడా ప్రయత్నించాను. రుచికి వంక లేదు గానీ నెయ్యి వల్ల పరుగులో కడుపు బరువెక్కింది. వాచీలో అరగంటకోసారి అలారం పెట్టుకుని మోగగానే రెండు ముద్దలు తినండి. ఏ తిండైనా ముందు ప్రాక్టీసులో కనీసం మూడుసార్లు పరీక్షించాలి. కడుపుకీ ట్రైనింగ్ కావాలి.

నీళ్ళ లెక్క మీది మీరే కనుక్కోవాలి. పరుగుకి ముందు, తర్వాత తడి బట్టలు విప్పి బరువు చూసుకోండి. కిలో తగ్గితే లీటరు చెమట పోయినట్టు. మధ్యలో తాగింది దానికి కలపాలి. సెప్టెంబరులో గంటన్నరకి నాకు 1.4 కిలోలు తగ్గింది. అలాగని పోయినదంతా వట్టి నీళ్ళతో నింపకండి. రక్తంలో సోడియం లీటరుకి 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. గంటల తరబడి నీళ్ళు మాత్రమే ఎక్కువగా తాగితే అది పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, మనిషి తికమక పడడం, ముదిరితే ఫిట్స్. అలా పడిపోయిన రిపోర్టులు నా చేతులతో ఇచ్చినదాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసిన కొలత నీళ్ళలోనే కలపండి, చిక్కగా చేసుకోవద్దు. దాహాన్నిబట్టి తాగండి.

నొప్పి మాత్రల సంగతీ చెప్పాలి. ఐబుప్రొఫెన్ లాంటివి వేసుకుని పరిగెత్తే వాళ్ళున్నారు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కిడ్నీలకి ప్రమాదం. వద్దు.

సరంజామా

గట్టి పట్టున్న ట్రైల్ బూట్లు, మామూలు సైజు కన్నా అర సైజు పెద్దవి. పల్లంలో వేళ్ళు ముందుకి తన్నుకుంటాయి. గోళ్ళు నాలుగు రోజుల ముందే కత్తిరించుకోండి. వేళ్ళ మధ్య, బ్యాగు పట్టీలు ఒరిసే చోట వాజలీన్. విజిల్, తల టార్చి, పల్చటి వాన కోటు. కొత్త వస్తువు ఏదీ పరుగు రోజున మొదటిసారి వాడకండి.

చివరి మూడు వారాలు, ఆ రోజు

గట్టిగా పల్లం దిగే చివరి ప్రాక్టీసు పరుగుకి మూడు వారాల ముందే అయిపోవాలి. తర్వాత దూరం తగ్గిస్తూ రండి. అక్టోబరు, నవంబరు మనకి తుఫాన్ల కాలం. ఒక వారమంతా వాన పట్టి నేను బయటికే వెళ్ళలేదు, అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కి దిగాను. ఆ వారం వల్ల నష్టమేమీ జరగలేదు.

ఆ ఉదయం మొదటి గంట అందరూ మిమ్మల్ని దాటి వెళ్తారు. వెళ్ళనివ్వండి. మాట ఆగిపోయేంత ఎత్తు వస్తే చేతులు తొడల మీద ఆనించి నడవండి. మొదటి పెద్ద పల్లంలో కాళ్ళు తేలిగ్గా ఉంటాయి, దూకాలనిపిస్తుంది. నేను ఓడిపోయింది అక్కడే. రెండో ఏడాది ఆ పల్లాన్ని అత్తయ్యగారి నడకని తలుచుకుంటూ దిగాను. ఆహారం పెట్టే చోట ఐదు నిమిషాలు మించి కూర్చోలేదు. 38వ కిలోమీటరు దగ్గర ముందు ఏడాది నేను పట్టుకున్న చెట్టు కనిపించింది. ఈసారి దాన్ని పరిగెత్తుతూనే దాటాను. కళ్ళు తడిశాయి.

పూర్తయ్యాక పది రోజులు పరుగు వద్దు, నడక చాలు. మూత్రం కోలా రంగులో వస్తే ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి వెళ్ళండి. ఆ వారంలో వేరే ఏ కారణానికైనా రక్తపరీక్ష చేయించుకోవాల్సి వస్తే పరిగెత్తిన సంగతి డాక్టరుకి ముందే చెప్పండి. కండరాలు చిట్లినందువల్ల, వాటిలో ఉండే ఎంజైములు సీపీకే, ఎస్‌జీఓటీ రెండూ పెరిగి కనిపిస్తాయి. ఆ సంగతి తెలియకపోతే గుండెకో కాలేయానికో ఏదో అయిందని ఇంటిల్లిపాదీ కంగారు పడతారు.