కాలికి బయటి రాడ్లు వేశారా? పిన్నుల దగ్గర చీము పట్టకుండా ఇలా చూసుకోండి

యాక్సిడెంట్‌లో కాలు విరిగి, ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొస్తే చాలాసార్లు వెంటనే లోపల ప్లేటు వేయరు. బయటి నుంచి ఎముకలోకి పిన్నులు దించి, వాటిని రాడ్లతోనో రింగులతోనో కలిపి బిగిస్తారు. దీన్నే ఫిక్సేటర్ అంటారు. రింగులుంటే ఇలిజారోవ్ అంటారు. 1950లలో సైబీరియాలోని కుర్గాన్‌లో ఈ పద్ధతిని తీర్చిదిద్దిన డాక్టరు పేరది.

మా తమ్ముడి కాలికి ఈ రాడ్లు ఐదు నెలలు ఉన్నాయి. డిశ్చార్జి రోజు "క్లీన్‌గా ఉంచుకోండి" అన్నారే గానీ, ఎలాగో ఎవరూ చేసి చూపించలేదు. మూడో వారంలో చీలమండకు పైనున్న పిన్ను దగ్గర చీము కనిపించింది. ఆ తర్వాత డ్రెస్సింగ్ చేసే నర్సమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. మీ డాక్టరు చెప్పిన పద్ధతి వేరుగా ఉంటే ఆయన మాటే వినండి.

చీము ఎందుకు పడుతుంది?

మామూలు గాయం కొన్నాళ్లకు మూసుకుంటుంది. పిన్ను ఉన్నన్నాళ్లూ ఈ రంధ్రం మూసుకోదు. పన్నును చిగుళ్లు పట్టుకున్నట్టు చర్మం స్టీలును పట్టుకోలేదు, సన్నటి సందు ఉండిపోతుంది. మనందరి చర్మం మీదా ఉండే బ్యాక్టీరియా ఆ సందులోంచి దిగి, పిన్నుకు అంటుకుని జిగట పొర కట్టుకుంటుంది. ఒకసారి ఆ పొర కట్టాక మందులు లోపలికి సరిగా అందవు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. చర్మం పిన్ను మీద పైకీ కిందికీ జారుతుంటే అక్కడ ఒరుసుకుని రసి కారుతుంది. రసి నిలిచిన చోట చీము తొందరగా పడుతుంది. తొడలో వేసిన పిన్నులు ఎక్కువ ఇబ్బంది పెట్టేది అందుకే: కండ ఎక్కువ, కదలికా ఎక్కువ. కాబట్టి శుభ్రం చేయడం సగం పనే, చర్మం కదలకుండా చూడటం మిగతా సగం.

శుభ్రం చేసే తీరు

ఆపరేషన్‌లో కట్టిన కట్టును డాక్టరు చెప్పేదాకా విప్పకండి. మామూలుగా రెండు మూడు రోజులు ఉంచుతారు. ఆ తర్వాత కొందరు రోజూ చేయమంటారు, కొందరు వారానికోసారి చాలంటారు. పక్కింటివాళ్ల డాక్టరు ఏం చెప్పాడో పట్టించుకోకండి, మీకు చెప్పిన లెక్క తప్పకండి.

1. ఫ్యాను ఆపండి, పిల్లల్ని పక్క గదిలోకి పంపండి. శుభ్రమైన గుడ్డ పరిచి సామాను దగ్గర పెట్టుకోండి: స్టెరైల్ (క్రిములు లేకుండా ప్యాక్ చేసిన) గాజ్ గుడ్డ ముక్కలు, అంటే గాయాలకు కట్టే పల్చటి జాలీ గుడ్డ, డాక్టరు రాసిన ద్రావణం (సెలైన్ అనే ఉప్పునీరు కావచ్చు, క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములను చంపే మందు కావచ్చు), చెత్తకు ఒక కవరు. దూది వద్దు, దాని పీచు పిన్నుకు చుట్టుకుంటుంది.

2. చేతులు సబ్బుతో వేళ్ల సందులు, గోళ్లతో సహా కడుక్కోండి. పాత గాజ్ గుడ్డ తీశాక మళ్లీ కడుక్కోండి. రెండోసారి కడగడమే అందరూ మర్చిపోతారు.

3. ముట్టుకునే ముందు చూడండి. రోజూ అదే వెలుతురులో ప్రతి పిన్నుకూ ఫోటో తీసి పెట్టుకోండి. మేము పిన్నులకు పై నుంచి కిందికి నంబర్లు పెట్టుకున్నాం. "నాలుగో నంబరు నిన్నటికన్నా ఎర్రగా ఉంది" అని ఫోటోతో చెబితే డాక్టరుకూ సులువు.

4. బాగున్న పిన్నుతో మొదలుపెట్టి, అనుమానం ఉన్నదాన్ని చివర్లో చేయండి. ఒక పిన్నుకు వాడిన గాజ్ గుడ్డ ముక్క ఇంకోదానికి తగలకూడదు. పిన్ను మొదలు నుంచి బయటివైపు గుండ్రంగా తుడవండి, తుడిచిన గాజ్ గుడ్డను వెనక్కి తేకండి.

5. పిన్ను చుట్టూ పక్కు కడితే గోటితో, పిన్నీసుతో గీకొద్దు. పక్కు కింద చీము, తడి లేకపోతే దాన్ని అలాగే ఉంచమనే డాక్టర్లూ ఉన్నారు. తీయమని చెబితే తడిపిన గాజ్ గుడ్డను ఐదు నిమిషాలు ఆనించి ఉంచండి, మెత్తబడి దానంతటదే వస్తుంది.

6. చర్మం, పిన్ను రెండూ పొడిగా అద్దండి. గాజ్ గుడ్డకు మధ్యదాకా చీలిక పెట్టి, పిన్ను చుట్టూ కాలరులా తొడగండి. దాని మీద కొద్దిగా ఒత్తిడి ఉండాలి, అప్పుడే చర్మం పిన్ను మీదికి ఎక్కదు. ఆసుపత్రిలో చిన్న క్లిప్పులు ఇస్తే వాటితో బిగించండి. చర్మం తెల్లబారేంతగా మాత్రం నొక్కొద్దు.

హైడ్రోజన్ పెరాక్సైడ్ బుసబుసా పొంగుతుంటే మలినమంతా పోతోందనిపిస్తుంది. అది మానుతున్న కణాలను కూడా దెబ్బతీస్తుంది, వాడకండి. పసుపు, కాఫీపొడి, కొబ్బరినూనె, పౌడరు లాంటివి అసలు వద్దు. అవి ఆ సందులో ఇరుక్కుని క్రిములకు చోటిస్తాయి. మా అమ్మ ప్రేమతోనే పసుపు గిన్నె తెచ్చింది. ఆపడం నాకు కష్టమే అయింది, కానీ ఆపాను.

స్నానం, తిండి, అలవాట్లు

గాయాలు ఆరి, డాక్టరు ఒప్పుకునేదాకా ప్లాస్టిక్ కవరు కట్టుకునే స్నానం చేయండి. తర్వాతైనా చెరువు, కాలవ, స్విమ్మింగ్‌పూల్ వద్దు. పడుకున్నప్పుడు ఫ్రేము మీద ఉతికిన పంచె కప్పితే దుమ్మూ ఈగలూ వాలవు.

పప్పు తింటే చీము పడుతుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. నిజానికి ఎముక అతుక్కోవాలన్నా, చర్మం తట్టుకోవాలన్నా మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు పెట్టండి. ఐదు నెలలు చారన్నంతో నెట్టుకొస్తే మనిషే నీరసించిపోతాడు. మానాల్సింది సిగరెట్, బీడీ. పొగ రక్తప్రసరణను తగ్గిస్తుంది, ఎముక అతకడమూ ఆలస్యమవుతుంది. షుగర్ ఉంటే అది అదుపులో ఉండాలి, లేకపోతే ఎంత బాగా తుడిచినా ఫలితం తగ్గుతుంది.

నడవమని చెప్పినంత నడవండి, అంతకుమించి వద్దు. నట్లు వదులైనట్టనిపిస్తే ఇంట్లో స్పానర్‌తో బిగించకండి.

ఎప్పుడు పరుగెత్తాలి?

మొదటి కొన్ని రోజులు పల్చటి నీరులాంటి రసి, కొద్దిగా రక్తం చార కనిపిస్తే టెన్షన్ పడక్కర్లేదు. ఎర్రదనం పాకుతుంటే, ముట్టుకుంటే వేడిగా ఉంటే, రసి చిక్కబడి పచ్చగా మారినా వాసన వచ్చినా, వాపు పెరిగినా అదే రోజు ఫోన్ చేయండి. జ్వరం, చలి వస్తే, పిన్ను కదులుతుంటే, అడుగు వేయగానే ఆ పిన్ను దగ్గర కొత్తగా పోటు పుడితే ఫోనుతో సరిపెట్టకుండా ఆసుపత్రికే వెళ్లండి.

మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ తెచ్చుకోవద్దు. మొదట్లోనే వెళితే చాలాసార్లు తరచూ శుభ్రం చేయడం, కొన్నాళ్ల మాత్రలతో తగ్గిపోతుంది. ఏ క్రిమో తెలియడానికి డాక్టరు చీమును కల్చర్‌కు పంపొచ్చు. ముందే మనం రెండు మాత్రలు మింగేస్తే ఆ పరీక్షలో క్రిమి దొరక్కపోవచ్చు. ఆలస్యమైతే పిన్ను తీసి వేరే చోట వేయాల్సి వస్తుంది. ఇన్ఫెక్షన్ ఎముకదాకా పాకితే వైద్యం నెలల తరబడి సాగుతుంది. మా తమ్ముడిది నాలుగో నంబరు పిన్ను. ముందురోజు సాయంత్రమే అది కాస్త ఎర్రబడటం చూశాం, పొద్దున చూద్దాంలే అనుకున్నాం. పొద్దున లేచేసరికి గాజ్ గుడ్డ పసుపుపచ్చగా తడిసి ఉంది. మాత్రలతో పది రోజుల్లో తగ్గింది గానీ, ఆ తర్వాత మేమెప్పుడూ పొద్దుటిదాకా ఆగలేదు.

రాడ్లు తీసేశాక రంధ్రాల్లోంచి కొన్ని రోజులు కాస్త రసి వస్తుంది. పొడి గాజ్ గుడ్డ కట్టు చాలు, అవి వాటంతటవే మూసుకుంటాయి. పూర్తిగా మూసుకునేదాకా చేతులు కడుక్కునే ముట్టుకోండి.