కొరివి దెయ్యం కనిపించిందన్న చోట ఏం చేయాలి

లంకల్లో, చేపల చెరువుల గట్ల మీద రాత్రిపూట దీపమేదో కదిలితే కొరివి దెయ్యమంటారు. "దెయ్యాల్లేవు పొండి" అనేస్తే పని అక్కడితో ఆగిపోతుంది. వాళ్లు ఏదో చూశారు. అదేంటో తేల్చాలి.

చూసినవాళ్లతో వీలైతే మర్నాడే, ఎవరితో వారితో విడిగా మాట్లాడండి. అరుగు మీద నలుగురూ కలిసి చెప్పుకుంటే రెండ్రోజుల్లో నాలుగు మాటలూ ఒకటైపోతాయి. "ఏం చూశారు?" అని అడిగి ఊరుకోవాలి. "తెల్లగా ఉందా?" అంటే ఆ రంగు మీరే అందించినట్టు. వాళ్లు నిలబడిన చోటికే తీసుకెళ్లి చేత్తో చూపించమనండి. చాచిన చేతి పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. నేలకి ఎన్ని పిడికిళ్ల ఎత్తో రాసుకోండి. పొద్దుగుంకాక పడమట కదలకుండా వెలిగింది శుక్రుడేమో, ఏ రాత్రి ఆకాశంలో ఏముందో చూపించే స్టెల్లేరియం యాప్‌లో ఆ తేదీ పెట్టి చూడండి.

ఇక కాపు. ఇద్దరు 200 మీటర్ల ఎడంగా నిలబడి, దీపం కనపడగానే ఒకే క్షణంలో ఫోన్ దిక్సూచితో దిశ కొలవాలి. రెండు గీతలూ మ్యాపు మీద కలిసిన చోటే దీపం. మోటారు షెడ్డు, బైకు, ఇనుప గేటు పక్కన దిక్సూచిని నమ్మొద్దు. 5 డిగ్రీలు తప్పితే కిలోమీటరు దూరాన గీత దాదాపు 87 మీటర్లు పక్కకి పోతుంది, అంటే వేరే చెరువు మీదికి. గీతలు ఇంచుమించు సమాంతరంగా వస్తుంటే ఎడం పెంచి మళ్లీ కొలవండి. గట్ల మీద పాములుంటాయి, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లకి కరెంటు తీగలుంటాయి. బూట్లు, టార్చి లేకుండా అడుగు వేయొద్దు.

తెల్లారాక ఆ చోటికి వెళ్లి, రాత్రి అక్కడ ఎవరు తిరిగారో కనుక్కోండి: పీతలకొచ్చినవాళ్ల తలలైటా, చెరువు కాపలా టార్చా? అమావాస్యకి పోటు పెద్దది, ఉప్పుటేరు పక్క ఊళ్లలో వేట కూడా పోటుని బట్టే నడుస్తుంది. అందుకే అమావాస్యలకి ఎన్ని రాత్రులు కాపు కాస్తే మామూలు రోజుల్లోనూ అన్ని కాయాలి. "ఏమీ లేదు" అన్నదీ రాయాలి.

ఆ దీపం బురద గ్యాసే అని తేల్చేయడం మాకు నచ్చదు. అందులోని మీథేన్ తనంతట తాను అంటుకోదు, 500 డిగ్రీలు దాటిన వేడి కావాలి. ఆ నిప్పెక్కడిదో చూపించలేకపోతే అదీ ఊహే.

దీపం కాక, మండువా ఇంటి అటక మీద అడుగుల చప్పుడంటే అక్కడ పొయ్యి బూడిదని గుడ్డలో జల్లించి పల్చగా చల్లండి. మందంగా పడితే గుర్తు అంచులు చెదిరిపోతాయి. పిల్లి పాదమంత గుర్తులో నాలుగు వేళ్లుంటే పిల్లి, ఐదుంటే మానుపిల్లి. ఏ గుర్తూ లేదా, చప్పుడైన వేళలు చూడండి: చీకటి పడ్డ కొత్తలో పెంకులూ దూలాలూ చల్లారుతూ టపటపమంటాయి.

ఎవరో చిల్లంగి (చేతబడి) పెట్టారన్న మాట వచ్చిందా, పరిశీలన అక్కడే ఆపేయండి. ఆ పేరు రాసుకోవద్దు, ఇంకొకరికి చెప్పొద్దు. జబ్బుపడ్డవాళ్లని ఆసుపత్రికి పంపించండి. పేరు పడ్డ మనిషికి ముప్పుందనిపిస్తే వెంటనే 112కి ఫోన్ చేయండి.