బిస్కట్ల డబ్బాతో ఒంటితీగ విద్యుత్ వాద్యం

బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో వీణలు చేసేవారు దండినీ (తీగలు సాగే పొడవాటి కర్ర భాగం) కుండనూ (నాదం పలికే బోలు భాగం) ఒకే పనస మొద్దు నుంచి చెక్కుతారు. అతుకులేని ఆ వీణను ఏకాండి వీణ అంటారు. ఇంట్లో దొరికే వస్తువులతో వాద్యం చేసుకోవాలనుకునేవారికి కూడా ఆ పద్ధతే దారి చూపుతుంది: తీగ లాగే బరువంతా ఒకే కర్ర మోయాలి, మోగవలసిన రేకు మీద ఆ లాగుడు పడకూడదు.

దండికి 90 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల మందం గల బాగా ఎండిన టేకు లేదా వేప బద్ద సరిపోతుంది. గుండ్రటి బిస్కట్ల రేకు డబ్బాను బోర్లించి, అడుగు భాగాన్నే వాద్యానికి ముఖంగా వాడాలి. మూత వెనుక వైపుకు వస్తుంది కనుక లోపలి పని చేయడానికి ఎప్పుడైనా తెరవవచ్చు. ముఖానికి 4 మిల్లీమీటర్లు దిగువన, డబ్బా గోడకు ఎదురెదురుగా రెండు కంతలు కోసి, అంచులను ఆకురాయితో అరగదీసి, బద్దను బిగుతుగా దూర్చాలి. బద్ద ముఖాన్ని తాకకపోవడం చాలా ముఖ్యం. తాకితే రేకు మూగబోతుంది.

బద్ద కింది కొసలో ఒక స్క్రూ, పై కొసలో పాత గిటారు నుంచి తీసిన బిరడ (తీగను తిప్పి బిగించే మర) అమర్చాలి. బిరడకు ఇవతల 2 సెంటీమీటర్ల ఎత్తున మేరువు (తీగను పై కొసలో ఎత్తిపట్టే కమ్మీ), అక్కడి నుంచి సరిగ్గా 60 సెంటీమీటర్ల దూరంలో డబ్బా ముఖం మీద ఒకటిన్నర సెంటీమీటరు ఎత్తున గుర్రం (తీగ కంపనాన్ని రేకుకు చేర్చే చెక్క) నిలపాలి. గుర్రానికి గట్టి కర్ర కావాలి. పనస ముక్క దొరికితే మరీ మంచిది. 0.4 మిల్లీమీటర్ల ఉక్కు తీగను రెండు శ్రుతికి (పాశ్చాత్య సంగీతంలో D స్వరానికి) బిగిస్తే దాని మీద సుమారు 3 కిలోల లాగుడు ఉంటుంది. తెగిన తీగ ముఖం మీదికి విసురుగా వస్తుంది కాబట్టి బిగించేటప్పుడు కళ్లజోడు పెట్టుకోవడం తప్పనిసరి.

ఇక అసలు పని పీజో బిళ్లది. 27 మిల్లీమీటర్ల ఇత్తడి పళ్లెం మీద తెల్లటి పింగాణీ పూత ఉన్న ఈ బిళ్ల పాడైన అలారం గడియారాల్లోనూ, మోగే బొమ్మల్లోనూ దొరుకుతుంది. అది వంగిన ప్రతిసారీ చిన్న విద్యుత్ పీడనం పుడుతుంది. గుర్రం ద్వారా రేకుకు చేరిన కంపనమే అలా విద్యుత్తుగా మారుతుంది. వైర్లు అతికించేటప్పుడు తగిలే ఎక్కువ వేడికి పింగాణీ పాడవుతుంది కనుక, వైర్లు ముందే అతికించి ఉన్న బిళ్లను కొనడమే మేలు. ఇత్తడి వైపు రేకుకు ఆనేలా బిళ్లను డబ్బా లోపల అంటించాలి. సరిగ్గా గుర్రం కింద పెడితే నాదం గట్టిగా, కాస్త కరకుగా వస్తుంది; రెండు వేళ్ల దూరం జరిపితే మెత్తబడుతుంది. ముందు రెండువైపులా అంటుకునే టేపుతో నిలిపి, తీగ మీటి విని, చోటు నచ్చిన తరువాతే జిగురు వేయాలి. బిళ్ల అంచు ఏమాత్రం లేచి ఉన్నా జరజరమంటుంది, వేలాడే వైరు రేకుకు తగిలినా ఆ చప్పుడు స్పీకరులో వినిపిస్తుంది.

డబ్బా గోడకు 6.35 మిల్లీమీటర్ల మోనో సాకెట్ బిగించి, మధ్యలోని పింగాణీ నుంచి వచ్చే ఎర్ర వైరును దాని కొసకు, ఇత్తడి నుంచి వచ్చే నల్ల వైరును దాని ఒంటికి కలపాలి. సాకెట్ ఒళ్లు రేకును తాకుతుంది కనుక డబ్బా మొత్తం కవచంలా పనిచేసి, ఇంటి కరెంటు వల్ల వచ్చే గుంయిమనే రొదను చాలావరకు ఆపుతుంది. రంగు పూత ఉంటే అక్కడ గీకి, మెరిసే రేకు మీద బిగించాలి.

కంప్యూటర్ స్పీకర్లకు నేరుగా కలిపితే చాలామందికి నిరాశే మిగులుతుంది. వాటి ఇన్‌పుట్ నిరోధం సాధారణంగా 10 కిలో ఓముల దరిదాపుల్లో ఉంటుంది. 20 నానోఫారడ్ల బిళ్లకు అది తోడైతే సుమారు 800 హెర్ట్జ్‌లకు దిగువనున్న ధ్వని క్రమంగా క్షీణించి, నాదం పలచబడుతుంది. 1 మెగా ఓము ఉన్న గిటారు యాంప్లిఫయరుకు కలిపితే మంద్రం నిండుగా పలుకుతుంది. అది లేనివారు 9 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న బఫర్ సర్క్యూట్‌ను (బిళ్లకూ స్పీకరుకూ మధ్య ఉండి నాదం పలచబడకుండా చూసేది) రేడియో మరమ్మతు తెలిసినవారి చేత చేయించుకోవచ్చు. కరెంటుతో నడిచే యాంప్లిఫయరును మాత్రం మీరే విప్పకండి.

తీగ ఎత్తుగా ఉంటుంది కనుక మెట్లు వేయడం కంటే మెట్లులేని వీణ అయిన గోటువాద్యంలా నున్నటి ఉక్కు గొట్టాన్ని తీగ మీద జార్చి వాయించడమే ఈ వాద్యానికి తగిన పద్ధతి. మేరువు నుంచి 6.7 సెంటీమీటర్ల దగ్గర చతుశ్రుతి రిషభం, 12 దగ్గర అంతర గాంధారం, 15 దగ్గర శుద్ధ మధ్యమం, 20 దగ్గర పంచమం, 24 దగ్గర చతుశ్రుతి ధైవతం, 28 దగ్గర కాకలి నిషాదం, 30 దగ్గర తారషడ్జం పలుకుతాయి. ఆ చోట్లలో పెన్సిలు గీతలు పెట్టుకుంటే శంకరాభరణం స్వరాలు చేతికందుతాయి. గొట్టాన్ని తీగకు ఆనించాలే తప్ప కిందికి నొక్కకూడదు. నొక్కితే శ్రుతి పెరుగుతుంది. వాయించేటప్పుడు స్పీకరు వాద్యానికి ఎదురుగా ఉంటే కూత పెడుతుంది కాబట్టి దానిని పక్కకు తిప్పాలి.

కళింగపట్నం, భావనపాడు వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి ఉక్కు తీగ త్వరగా తుప్పు పడుతుంది. వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవాలి, లేదా గేలానికి వాడే నైలాన్ దారాన్ని కట్టుకోవాలి. విద్యుత్ గిటార్లలో ఉక్కు తీగ కదలికను గ్రహించే అయస్కాంతపు పికప్ నైలాన్‌ను పట్టుకోలేదు గానీ, పీజో బిళ్లకు తీగ ఏ పదార్థానిదైనా ఒకటే.