మంచం దిగలేని వారంలోనూ ఎండని ఆకుకూరలు: నా అనుభవం

కీళ్ల జబ్బు తిరగబెట్టినప్పుడల్లా నేను మంచానికే పరిమితం, కుండీల్లో ఆకుకూరలు ఎండుగడ్డి. నేలపై ఆకులు కప్పడం, నీళ్ల సీసాలు తలకిందులుగా గుచ్చడం, ఇతరుల సాయం అడగడం, ఏదీ నిలవలేదు.

చివరికి గట్టెక్కించింది, కింది నీటిని పీల్చి పైనున్న మట్టికి అందించే చిరిగిన నూలు గుడ్డ. ఒక పాత బకెట్ అడుగున వేలు పట్టేంత రంధ్రం చేసి, గుడ్డ పీలికను తడిపి దూర్చాను. పొడి గుడ్డ నీటిని సరిగా పీల్చదు. మొదటిసారి అక్కడే దెబ్బతిన్నాను. పీలిక సగం ఎత్తు వరకు ఉండేలా చుట్టూ ఎరువు కలిపిన గుల్ల మట్టి నింపాను. రెండో బకెట్‌లో రాయి పెట్టి, దానిపై మొదటిదాన్ని దించి, పీలిక కింది కొసను రెండో బకెట్ అడుగుకు తాకించాను. ముందు మట్టిని పైనుంచి బాగా తడిపాను, తర్వాతే కింద నీళ్లు పోశాను. దోమలు చేరకుండా సందులో గుడ్డ కుక్కాను.

ఇప్పుడు నాలుగైదు రోజులు చూడకపోయినా మొక్కలు నిలుస్తున్నాయి. వేసవి ముదిరితే, లేదా మట్టి బంకగా ఉంటే ఇంతకాలం ఆగుతుందని చెప్పలేను. పెద్ద మొక్కలకు నేను ప్రయత్నించలేదు.