మామిడి పూతలో తేనెటీగలను కాపాడుకునే విధానం

చిత్తూరు జిల్లాలో విస్తారంగా సాగయ్యే తోతాపురి వంటి మామిడి రకాల్లో ఒకే పూగుత్తిలో మగపూలు, ఆడ మగ భాగాలు రెండూ ఉన్న ద్విలింగ పుష్పాలు కలిసే ఉంటాయి కాబట్టి, పుప్పొడిని మోసే తేనెటీగలు, ఇతర ఈగలు తగ్గిపోతే పూత ఎంత విరగబూసినా పిందె అంతంతమాత్రంగానే నిలుస్తుంది. అందువల్ల పూత రసం పీల్చే తేనెమంచు పురుగుకు మందు కొట్టవలసి వస్తే మొగ్గలు విచ్చుకోక ముందే ఒకసారి, పిందె బఠాణీ గింజంత అయ్యాక మరొకసారి కొట్టాలి. పూలు విచ్చుకున్న రోజుల్లో ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు వాడనే కూడదు. పొరుగు తోటల్లో తేనె పెట్టెలు ఉంటే మందు కొట్టే సంగతి వాటి యజమానులకు ముందురోజే చెప్పాలి, ఈగలకు గట్లూ కంచెలూ తెలియవు.

వెడల్పాటి మట్టి మూకుడులో గులకరాళ్లు పరచి, వాటి తలలు మునగకుండా నీళ్లు పోసి నీడన ఉంచితే, ఈగలు రాళ్లపై వాలి నిశ్చింతగా తాగుతాయి. చెట్టుకు పట్టిన తేనెపట్టును కాగడాతో తగలబెట్టడం చాలా బాధాకరం. దాన్ని దయచేసి అలాగే వదిలేయండి.