కలంచోకు ఎరువు కాదు, చీకటి కావాలి

పర్లాకిమిడి, రాయగడ వైపు మన పెరళ్లలో రణపాలను ఎరుగనివారు అరుదు. నర్సరీల్లో ఎర్రని, పసుపుపచ్చని గుత్తులతో ఆకట్టుకునే కలంచో దానికి దగ్గరి చుట్టమే. కొన్న ఏడాది విరగబూసి, మరుసటి ఏడాది ఆకులతోనే మిగిలిపోయిందని చాలామంది ఎరువు మీద ఎరువు వేస్తారు గాని, లోపం తరచుగా వరండాలోని బల్బులో ఉంటుంది. మడగాస్కర్‌కు చెందిన ఈ మొక్క రాత్రులు పొడవుగా ఉన్నప్పుడే మొగ్గ తొడుగుతుంది కనుక, రాత్రివేళ దీపం వెలుగు పడితే దానికి చలికాలం వచ్చిన సంగతే తెలియదు. అందుచేత దసరా దాటిన తరువాత సుమారు 6 వారాల పాటు, సాయంత్రం 5 గంటల నుండి ఉదయం 7 గంటల వరకు కుండీపై అట్టపెట్టె బోర్లించి, పగలు మాత్రం మంచి వెలుతురులో ఉంచాలి. రోజూ గుర్తుపెట్టుకోవడం కొంత విసుగే. దీపం వేయని గదిలో కిటికీ పక్కన పెట్టినా సరిపోతుంది. మొగ్గలు కనిపించాక ఈ శ్రమ అవసరం లేదు.

నీటిని దళసరి ఆకుల్లోనే దాచుకుంటుంది కాబట్టి, వేలు దించి చూసినప్పుడు మట్టి పొడిగా తగిలితేనే పోయాలి. మన ప్రాంతపు వానాకాలంలో కుండీని చూరు కిందికి జరపకపోతే వేళ్లు కుళ్లిపోతాయి. వాడిన గుత్తులను కాడతో సహా తుంచివేయాలి. దీని ఆకులు, పూలు పశువులకు విషం గనుక మేకలకు, ఆవులకు అందనీయరాదు.