ఆర్డుయినోలో తంబూరా: శ్రుతి పలికే చిన్న సింథసైజర్‌ని కట్టి ప్రోగ్రామ్ చేయడం

బజారులో దొరికే ఎలక్ట్రానిక్ తంబూరాలో ఏ తీగ ఎంతసేపు మోగాలి, ఏ తీగ పక్కదానికి ఎంత ఎడంగా పలకాలి అన్నవి మన చేతిలో ఉండవు. ఆర్డుయినో యూనో లేదా నానో మీద మనమే రాసుకుంటే ప్రతి అంకే మార్చుకోవచ్చు. బోర్డు మీద ఏటీమెగా328పీ చిప్, 16 మెగాహెర్ట్జ్ క్లాక్ ఉండాలి. యూనో ఆర్4 వద్దు, దాని చిప్ వేరు కాబట్టి ఈ టైమర్ లెక్కలు కుదరవు.

కావలసినవి: బి10కె పాట్లు (తిప్పే పొటెన్షియోమీటర్లు) మూడు, వాల్యూమ్‌కి ఏ10కె పాట్ ఒకటి, 1కె రెసిస్టర్ ఒకటి, 22 నానోఫారడ్ కెపాసిటర్ (మీద 223 అని ఉంటుంది), 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్, ఆక్స్ ఇన్‌పుట్ ఉన్న స్పీకర్. హైదరాబాదులో అయితే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే సరిపోతుంది.

11వ పిన్‌కి 1కె రెసిస్టర్ పెట్టండి. దాని రెండో కొస నుంచి 22 నానోఫారడ్ కెపాసిటర్‌ని గ్రౌండుకి, అదే కొస నుంచి 10 మైక్రోఫారడ్‌ని (ప్లస్ ఆర్డుయినో వైపు) వాల్యూమ్ పాట్ ఒక చివరి కాలికి కలపండి. రెండో చివరి కాలు గ్రౌండుకి, మధ్య కాలు స్పీకర్ ఆక్స్‌కి. ఈ ఫిల్టర్ సుమారు 7.2 కిలోహెర్ట్జ్ పైన కోస్తుంది. 8 ఓం స్పీకర్‌ని పిన్‌కి నేరుగా తగిలించకండి. 5 వోల్టుల దగ్గర అది 600 మిల్లీయాంపులకు పైగా లాగుతుంది, పిన్ తట్టుకునే గరిష్ఠం 40. పామ్8403 ఆంప్లిఫయర్ వాడితే స్పీకర్ మైనస్ తీగని గ్రౌండుకి కలపకండి, ఆ కొసనీ ఆంప్లిఫయరే నడుపుతుంది. మిగతా మూడు పాట్లు ఏ0, ఏ1, ఏ2కి: శ్రుతి, సన్న సవరణ, మీటే వేగం.

ఇక ప్రోగ్రామ్. టైమర్ 2ని ఫాస్ట్ పీడబ్ల్యూఎంలో (పిన్‌ని వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ వోల్టేజిని హెచ్చుతగ్గులు చేసే పద్ధతి), ప్రీస్కేలర్ (క్లాక్‌ని భాగించే అంకె) 1తో నడపాలి. 16 మెగాహెర్ట్జ్‌ని 256తో భాగిస్తే 62,500. ఓవర్‌ఫ్లో ఇంటరప్ట్‌లో (టైమర్ నిండిన ప్రతిసారీ నడిచే కోడ్) ఒకటి వదిలి ఒకదానిలో శాంపిల్ తయారుచేస్తే సెకనుకు 31,250 శాంపిళ్లు, ఒక్కోదానికి 512 క్లాకులు. ఇక్కడ ఎక్కువమంది తప్పటడుగు వేసేది రిజిస్టర్ల దగ్గర. ఆర్డుయినో ఆ టైమర్‌ని ముందే 64 ప్రీస్కేలర్‌తో మొదలుపెట్టి ఉంచుతుంది. మీరు రిజిస్టర్‌కి విలువ నేరుగా రాయకుండా ఆర్ చేస్తే (పాత బిట్లు ఉంచి వాటికి కొత్తవి కలిపితే) పాత బిట్ మిగిలిపోయి ప్రీస్కేలర్ 128 అవుతుంది. అప్పుడు ఏ తీగ మోగినా 488 హెర్ట్జ్ దగ్గర పెద్ద రొద వినిపిస్తుంది. టోన్ ఫంక్షన్ కూడా ఇదే టైమర్‌ని వాడుతుంది, దాన్ని పిలవకండి.

ఒక్కో తీగకి 32 బిట్ల ఫేజ్ అంకె (తరంగంలో ఇప్పుడు ఎక్కడున్నామో చెప్పేది), దానికి ప్రతి శాంపిల్‌కీ కలిపే పెంపు అంకె. ఫేజ్‌లో పై 8 బిట్లు 256 విలువల తరంగ పట్టికలో చోటు చూపిస్తాయి. 16 బిట్లతో సరిపెట్టుకోకండి: అప్పుడు మెట్టు 0.48 హెర్ట్జ్, మంద్ర స్థాయిలో చెవికి తెలిసిపోతుంది. 32 బిట్లలో 1 హెర్ట్జ్ అంటే 1,37,439. ఒకటి శ్రుతిలో షడ్జం 261.63 హెర్ట్జ్, పెంపు 3,59,58,153.

మిగతా తీగలన్నీ ఆ ఒక్క అంకె నుంచే పుడతాయి. సారణి అనే తీగ పలికేది అదే షడ్జం. మంద్రం దానిలో సగం. పంచమం మంద్రానికి ఒకటిన్నర రెట్లు, అంటే మంద్రం పెంపుకి దానిలో సగాన్ని కలపడమే. దశాంశాలు అక్కర్లేదు, 3:2 నిష్పత్తి కచ్చితంగా నిలుస్తుంది. అనుసారణి, అంటే షడ్జమే పలికే రెండో తీగకి, సారణి పెంపు మీద 68,719 అదనంగా కలపండి. అర హెర్ట్జ్ తేడాతో రెండు సెకన్లకోసారి అల వస్తుంది, లేకపోతే నాదం ఆర్గన్‌లా చప్పగా ఉంటుంది.

పట్టికలో ఒట్టి సైన్ తరంగం పెడితే ఈల వేసినట్టుంటుంది. పన్నెండు వరకు హార్మోనిక్‌లు (మూల స్వరానికి రెండు, మూడు రెట్లు అలా ఉండే స్వరాలు) కలపండి, పైవాటిని మరీ తగ్గించకండి. తంబూరా జీవం అక్కడే ఉంది. పట్టిక విలువని తీగ స్థాయితో (ఎంత గట్టిగా మోగుతోందో చెప్పే అంకె) గుణించి, ముందు 8 బిట్లు కిందికి జరిపి, ఆ తర్వాతే నాలుగు తీగలనీ కూడండి. మొత్తాన్ని 4తో భాగించి 128 కలిపితే అవుట్‌పుట్. జరపకుండా కూడితే 16 బిట్లు పొంగి చిటపటలాడుతుంది.

స్థాయిని 16 బిట్లలో ఉంచి, 10 మిల్లీసెకన్లకోసారి దానిలో 256వ వంతు తీసేయండి. నాదం సుమారు రెండున్నర సెకన్లలో మూడో వంతు పైచిలుకుకి దిగుతుంది. గుణకారానికి పై 8 బిట్లే వాడండి. 8 బిట్ల స్థాయి నుంచే తీసేస్తే భాగహారం సున్నా అయి, నాదం ఎన్నటికీ తగ్గదు. మీటగానే స్థాయిని ఒక్కసారిగా పైకి ఎగరేస్తే టక్కుమంటుంది. మిల్లీసెకనుకి కొంచెం చొప్పున పదీ ఇరవై మెట్లలో ఎక్కించండి.

ఇంటరప్ట్‌లో మొదటి పని, క్రితంసారి లెక్కగట్టిన విలువని అవుట్‌పుట్ రిజిస్టర్‌లో రాయడం. కొత్త లెక్క ఆ తర్వాతే. దీనివల్ల లెక్క కాస్త ఆలస్యమైనా శాంపిల్ వేళ తప్పదు. పెంపు అంకెని లూప్‌లో (మళ్లీ మళ్లీ నడిచే ప్రధాన కోడ్) మార్చేటప్పుడు ఇంటరప్ట్‌లు ఆపి మార్చండి. నాలుగు బైట్లలో రెండు మారి రెండు మారకుండా ఉన్న క్షణంలో ఇంటరప్ట్ వస్తే వింత స్వరం చిటుక్కుమంటుంది. అలాంటి శబ్దం అప్పుడప్పుడే వస్తుంది కాబట్టి పట్టుకోవడం కష్టం.

చిప్‌కి భారం ఎక్కువవుతోందా? ఇంటరప్ట్ మొదట్లో ఒక పిన్‌ని పోర్ట్ ద్వారా పైకి, చివర్లో కిందికి తెచ్చి, మల్టీమీటర్‌తో కొలవండి. 3 వోల్టులు చూపితే 60 శాతం వాడుతున్నట్టు. నాలుగున్నర దాటితే ఒక తీగ తీసేయండి, లేదా శాంపిళ్లను 15,625కి దించి పెంపు అంకెల్ని రెట్టింపు చేయండి.

సన్న సవరణ పాట్ అలంకారం కాదు. యూనోలో క్లాక్ సిరామిక్ రెజొనేటర్‌ది, అర శాతం తేడా ఉన్నా 8.6 సెంట్లు (అర స్వరంలో వందో వంతు ఒక సెంటు) తప్పుతుంది. తీగల మధ్య నిష్పత్తి చెడదు గానీ పక్కన వీణో వయొలినో ఉంటే తేడా తెలుస్తుంది. శ్రుతి పాట్ చదివిన విలువ ఒకటీ అరా అటూ ఇటూ ఊగుతుంది, నాలుగుకు మించి మారితేనే పట్టించుకోండి.

లాప్‌టాప్ చార్జర్ గుయ్‌మనే రొద వస్తే పవర్ బ్యాంక్ మీద నడపండి. కొన్ని పవర్ బ్యాంకులు ఇంత తక్కువ కరెంటుకి వాటంతటవే ఆగిపోతాయి, వేరేది చూసుకోవాలి. మధ్యమ శ్రుతి కావాలంటే ఒక స్విచ్ పెట్టి, పంచమం తీగకి మంద్రం పెంపులో సగానికి బదులు మూడో వంతు కలపండి. ఆ భాగహారం లూప్‌లో చేయండి, ఇంటరప్ట్‌లో కాదు.